పిన్నికి నచ్చిన పుస్తకం

పళ్ళ ల్యాబు,
భోజన విరామం.

తొర్రీ,

ముందు పార్శిల్ విప్పు. విప్పావా? ఇప్పుడు చదువు.

ఆ పుస్తకం పేరు 'ఏడో గోడ'. పేరే వినలేదని మాత్రం అనకు. మీ హాస్టల్లో ఫోన్లు లాక్కుంటారు సరే, చెవులు కూడా లాక్కుంటారా? ఇక్కడ ప్రతి బస్సు వెనకా దాని బొమ్మే. పుస్తకాల షాపు ముందు క్యూ చూసి ఏదో ఊరికే పంచిపెడుతున్నారనుకుని నేనూ నిలబడ్డాను. తీరా చూస్తే పుస్తకం. వరసలో అందరికంటే ముసలిదాన్ని నేనే. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, "ఆంటీ, మీ పాప కోసమా?" అంది. "కాదమ్మా, నాకే" అన్నాను. అప్పటికది అబద్ధమే. బస్సెక్కాక నిజమైపోయింది. నా స్టాపు దాటిపోయిన సంగతి కూడా తెలియలేదు. చివరి స్టాపులో కండక్టరు దింపేస్తే అక్కడి బెంచీ మీదే కూర్చుని చదివాను.

కథ చెప్పను. సరే, కొంచెం చెప్తాను. ఒక నగరం, చుట్టూ ఏడు గోడలు. పదహారేళ్ళు నిండిన పిల్లలందరికీ పరీక్ష పెట్టి తలా ఒక అంకె ఇస్తారు. మంచి అంకె వచ్చినవాళ్ళు లోపల, మిగతావాళ్ళు బయటి గోడ వైపు. నుదుటి మీద తెల్లవెంట్రుకల పాయ ఉన్న ఒక పిల్ల ఉంటుంది. అది ఎదురు తిరుగుతుంది. ఆరో గోడ దగ్గరికి వచ్చేసరికి నేను ల్యాబులో ఏడ్చేశాను, చేతిలో ఎవరిదో పైవరస పళ్ళ అచ్చు పట్టుకుని. మా డాక్టరు చూసి, "ఏమ్మా, అంత బాగా కుదిరిందా?" అన్నాడు.

రుమాలు దగ్గర పెట్టుకుని చదువు. ఒళ్ళు జలదరించకపోతే నన్నడుగు.

నీ పిన్ని

తా.క.: పుస్తకం పంపానని మీ అమ్మతో అనకు. చదువుకునే పిల్లకి కథలేమిటని మా అక్క నాకు చీవాట్లు పెడుతుంది. నా కట్టుడు పళ్ళు నేనే కట్టుకోవలసి వస్తుంది.



హాస్టల్, రెండో అంతస్తు,
ఆదివారం.

పిన్నికి,

ముందుగా వార్డెన్ మేడమ్ గారికి నమస్కారం. మా ఉత్తరాలు మేడమ్ చదివాకే గేటు దాటుతాయి పిన్నీ. ముందు చదివేవాళ్ళని పలకరించకపోతే మర్యాద కాదు.

పుస్తకం అందింది. కథల పుస్తకమని మేడమ్ మొదట ఆపారు. అట్ట వెనక 'కష్టాలకు ఎదురీదిన బాలిక' అని చూసి, స్ఫూర్తిదాయకం అని ఇచ్చేశారు. చదివాను. రుమాలు పొడిగానే ఉంది.

కోప్పడకు. నువ్వు ఎంతో ఆశగా పంపావు. నేనూ ఎంతో ఆశగానే తెరిచాను. కానీ ఒళ్ళు జలదరించాల్సింది ఏ పేజీలోనో కొంచెం చెప్పు. తెల్లవారకముందే గంట కొడతారు. అందరికీ బూడిదరంగు బట్టలు. వరసలో నోరు విప్పకూడదు. వారం వారం ఎవరి అంకె ఎంతో గోడ మీద అంటిస్తారు. అట్ట మీద దీన్ని 'భయంకరమైన భవిష్యత్తు' అన్నారు. మేము మంగళవారం అంటాం.

పైగా ఆ పిల్లకి సొంత గది! గదికి కిటికీ! కిటికీలో చందమామ! ఆ పేజీ నేనూ పిచ్చుకా రెండుసార్లు చదువుకున్నాం. పిచ్చుక అంటే నా గదిలో పైమంచం పిల్ల. గొంతు సన్నం, తిండి గింజలేరుకున్నట్టు, అందుకని ఆ పేరు. "వాళ్ళకి వారానికో రోజు సెలవుంది చూశావా? తిరుగుబాటు చేయాలన్నా తీరిక ఉండాలి కదే" అంది.

ఇక ఆ పిల్ల వెంటపడే అబ్బాయిలిద్దరూ. ఒకడు పేజీకోసారి నిట్టూరుస్తాడు, రెండోవాడు పళ్ళు కొరుకుతాడు. ఆ రెండోవాణ్ణి నీ దగ్గరికి పంపించాలి. ఈ లెక్కన మూడో భాగం వచ్చేసరికి వాడి నోట్లో ఒక్కటీ మిగలదు.

నువ్వు ఏ గోడ దగ్గర ఏడ్చావన్నావ్?

నీ తొర్రి



పళ్ళ ల్యాబు,
వాన పడుతోంది, బేరాల్లేవు.

ఏమే తొర్రీ,

పుస్తకం మీద పడ్డావు సరే, పిన్ని ఏడుపు మీద పడ్డావేం? పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నారు.

అయినా నీకు ఏది నచ్చింది గనక? నాలుగేళ్ళప్పుడు నిన్ను ఎత్తుకెళ్ళి ఏనుగుని చూపించాను. అందరు పిల్లలూ కెవ్వుమన్నారు. నువ్వు దాన్ని తొండం నుంచి తోక దాకా చూసి, "ఇంతేనా?" అన్నావు. ఆ ఏనుగు మొహం నాకింకా గుర్తుంది, పాపం. సముద్రం చూపిస్తే, "అవతల ఒడ్డు ఏది?" అన్నావు. నీ పాలపళ్ళు ఊడినప్పుడు మాత్రం ఊరంతా తిప్పి చూపించుకున్నావు. నీ జీవితంలో నీకు నచ్చింది నీ తొర్రి ఒక్కటే.

నా దగ్గరికి సంగీతం మాస్టారు ఒకాయన వస్తున్నాడు. పళ్ళన్నీ పోయాయి. కొత్తవి ముత్యాల్లా కట్టిచ్చాను. పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇది నేను కాదమ్మా. నాకు ముందుపళ్ళ మధ్య సందుండేది, అది పెట్టు" అన్నాడు. అడిగి మరీ లోపం పెట్టించుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. నువ్వేమో సొంపైన పుస్తకంలో సందులు వెతుకుతున్నావు. మీ ఇద్దరికీ పరిచయం చేయాలి.

పళ్ళు కొరికేవాడి సంగతి మాత్రం నిజమే. నవ్వి నవ్వి పళ్ళ అచ్చుకని కరిగించిన మైనం ఒలకబోసుకున్నాను. డాక్టరు తిట్టాడు. ఆ పాపం నీదే.

అవునూ, సెలవు లేదందా మీ పిచ్చుక? ఆదివారాలు కూడానా? మొన్న మీ అమ్మ, "ఆదివారం పిల్లలు ఆడుకుంటారట" అంది. నేనే తప్పుగా విన్నానేమో.

నీ పిన్ని



హాస్టల్.

పిన్నికి, వార్డెన్ మేడమ్ గారికి,

ఏనుగుకి నా క్షమాపణలు.

ఆదివారం ఆట ఉంది పిన్నీ. ఉదయం పరీక్ష, మధ్యాహ్నం పరీక్ష, మధ్యలో పేపర్లు పంచేటప్పుడు ఆట.

పుస్తకం గురించి ఇంకొక్క మాట. మంచి అంకె రానివాళ్ళని అక్కడ గోడ అవతలకి పంపేస్తారు కదా, నువ్వు అక్కడే కదా ఏడ్చావు. నాకేమో వాళ్ళు అదృష్టవంతులనిపించింది. కనీసం గోడ అడ్డం ఉంది. తినేటప్పుడు వాళ్ళని ఎవరూ చూడరు. మా భోజనాల హాల్లో గోడ

ఇక్కడ బాగానే ఉంది. బాగా చదువుతున్నాను. పిచ్చుకకి ఒంట్లో కొంచెం బాగాలేదు. మాస్టారి పళ్ళు కుదిరాయా?

తొర్రి



పళ్ళ ల్యాబు.

అమ్మలూ,

నీ ఉత్తరంలో ఒక వాక్యం సగంలో ఆగింది. ఆ తర్వాత మూడు వరుసల మీద నీలం సిరా పూసి ఉంది. నీ కలం నల్లది. వార్డెన్ గారూ, నమస్కారం, మీరు కూడా చదువుతున్నారు కాబట్టి చెప్తున్నాను: అంత దట్టంగా పూస్తే కాగితం అవతలకి దిగుతుందండీ.

తొర్రీ, నేను రోజూ చేసే పని నీకు తెలుసు. నొప్పిగా ఉన్నవాళ్ళు నా ఎదురుగా కూర్చుని, "ఏం లేదమ్మా, బానే ఉంది" అని నవ్వుతారు. ఆ నవ్వులో పెదవి ఒక పక్కకే కదులుతుంది. నీ ఉత్తరం చివరి రెండు వరుసలూ అలా ఉన్నాయి.

నేనింతవరకూ నువ్వు పుస్తకాన్ని ఏడిపిస్తున్నావనుకుని తెగ మురిసిపోయాను. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ తీసి వరసగా చదివాను. ఈసారి నవ్వు రాలేదు. మంగళవారం అన్న దగ్గర ఆగిపోయాను.

తింటున్నావా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. వచ్చే ఆదివారం వస్తున్నాను.

పిన్ని



హాస్టల్, మెట్ల కింద.

పిన్నీ,

ఈ ఉత్తరం మేడమ్ చదవలేదు. మా క్లాసు పిల్లని చూడ్డానికి వాళ్ళ అక్క వచ్చింది, ఆవిడ చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆవిడకే ఇవ్వు. నువ్వు ఆదివారం రాకు, వచ్చినా లోపలికి రానివ్వరు. నన్ను చూడ్డానికి ఎవరూ రాకూడదని శిక్ష వేశారు. ఎందుకో చెప్తాను.

మా భోజనాల హాల్లో బల్లలు మార్కుల వరసలో ఉంటాయి. మొదటి బల్ల వాళ్ళకి ముందు వడ్డిస్తారు. చివరి బల్ల వాళ్ళు అందరూ తినేదాకా ఖాళీ ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాత మిగిలింది వాళ్ళకి. మిగలకపోతే, "చదివితే మిగిలేది" అంటారు. నేను మొదటి బల్ల పిన్నీ. వచ్చినప్పటి నుంచీ అదే బల్ల. చివరి బల్ల నా వెనక ఉండేది, నేనెప్పుడూ తిరిగి చూడలేదు.

పోయిన నెల పిచ్చుక చివరి బల్లకి వెళ్ళింది. మొదటి రోజు కూర్చుంది. రెండో రోజు నుంచి హాల్లోకి రావడమే మానేసింది. "ఆకలి లేదే" అనేది. నేను రొట్టె ముక్క జేబులో పెట్టుకుని తెస్తే, "పట్టుబడితే నువ్వు కూడా కిందికి పడతావు" అని తినేది కాదు. ఒకరోజు ప్రార్థన వరసలో నా పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది. మర్నాడు బలవంతంగా హాల్లోకి తీసుకొచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు.

నాకు వడ్డించారు. నేను ప్లేటు పట్టుకుని లేచి వెళ్ళి పిచ్చుక పక్కన కూర్చున్నాను. ప్లేటు ఇద్దరి మధ్యా పెట్టాను. మేడమ్ వచ్చి, "లే, నీ బల్లకి వెళ్ళు" అన్నారు. నేను లేవలేదు. నన్ను నీ పుస్తకంలో తెల్లపాయ అమ్మాయి అనుకుంటావేమో, అదేం కాదు. కాళ్ళు వణుకుతున్నాయి, లేవబోతే పడిపోతాను. అందుకని లేవలేదు. పిచ్చుక మాత్రం తింది. కళ్ళు తుడుచుకుంటూ తింది, కానీ తింది.

అప్పటి నుంచి నాదీ చివరి బల్లే. అమ్మ ఫోన్ చేస్తే, "చదువులో మునిగి ఉంది" అని చెప్తున్నారు.

పిన్నీ, అమ్మకి చెప్పకు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఆ దుకాణంలో పొద్దస్తమానం నిలబడి బిల్లులు కొడుతుంది. కాళ్ళు వాచిపోయి వస్తుంది. నేను బాగున్నానన్న ఒక్క ధైర్యంతోనే నిలబడుతోంది. ఆ ధైర్యం తీసేసి ఏమిస్తాం?

పుస్తకం నచ్చలేదన్నది నిజమే. అందులో ఆ పిల్ల ఒక్కసారి అరిస్తే నగరం మొత్తం దాని వెనక వస్తుంది. ఇక్కడ నా వెనక ఎవరూ రాలేదు. వాళ్ళమీద నాకు కోపం కూడా రావట్లేదు. నేను కూడా వెళ్ళేదాన్ని కాదేమో, అది పిచ్చుక కాకపోతే.

నీ తొర్రి



అక్క ఇల్లు,
వంటింటి గట్టు మీద.

నా తల్లీ,

నీ ఉత్తరం చదివాక ల్యాబులో పని ముట్టుకోలేకపోయాను. డాక్టరు ఏమీ అడగకుండా సెలవిచ్చాడు. అప్పుడప్పుడు మంచివాడే.

అమ్మకి చెప్పవద్దన్నావు. నీ మాట ఎంతవరకు నిలబెట్టానో విను. ఇక్కడికి వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు ఏమీ చెప్పలేదు. పుస్తకాల షాపులో ఇంకో 'ఏడో గోడ' కొని తెచ్చి బల్ల మీద పడేశాను, అంతే. మా అక్క చూసి, "నీ వయసుకి ఇవేం చదువులే?" అంది. "నువ్వు చదవలేవులే, పెద్ద పుస్తకం" అన్నాను. మా అక్క నాకు తెలియదూ? చిన్నప్పుడు మందు తాగించాలన్నా ఇదే ఉపాయం. వాచిన కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని మొదలుపెట్టింది.

ఆవిడకీ నచ్చలేదు. మీ తల్లీకూతుళ్ళ రక్తంలోనే ఉంది ఆ రోగం. కానీ ఆవిడకి గోడలతో పేచీ లేదు, అబ్బాయిలతో పేచీ లేదు. సగం పుస్తకం అయ్యాక తలెత్తి, "ఈ పిల్ల తల్లి ఏమైపోయిందే?" అంది.

"మొదట్లో ఉంది కదా అక్కా, ఏడుస్తుంది, బుగ్గ మీద ముద్దు పెట్టి సాగనంపుతుంది."

"ఆ తర్వాత?"

"తర్వాత లేదు."

"లేకపోవడమేంటి? ఇన్ని పేజీలైంది, పిల్ల తిందో లేదో ఒక్కసారైనా వచ్చి చూడదా? ఇదేం తల్లే!"

నేను నోరు తెరవలేదు. నిజంగా తెరవలేదు తొర్రీ. కానీ నా మొహం నా మాట వినదు. అక్క నన్నే చూస్తూ చూస్తూ, పుస్తకం మూసి, "ఏంటే? పిల్ల ఎలా ఉంది?" అంది. అప్పుడు నీ ఉత్తరం చేతికిచ్చాను. నా మీద కోపం వస్తే వచ్చాక తిట్టు.

చదివింది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది. తర్వాత, "నేను బాగున్నానని అదీ, అది బాగుందని నేనూ" అని, ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరుతోంది. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే గొడవ పెడతావు. నేనైతే మాట్లాడతాను" అంది. ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు. ఈ ఉత్తరం మీ క్లాసు పిల్ల అక్కకే ఇస్తున్నాను, అమ్మ కంటే ముందే నీకు అందితే భయపడకు. పిచ్చుకని పక్కనే ఉంచుకో.

పిన్ని



ఇల్లు.

పిన్నికి,

ఈ ఉత్తరం ఎవరూ తెరవరు కాబట్టి ఎవరికీ దణ్ణాలు లేవు.

ఫోన్ చేతిలోనే ఉంది, అయినా రాస్తున్నాను. అమ్మ ఫోన్లో నీకు చెప్పింది సగమే అయ్యుంటుంది. "వెళ్ళాను, తెచ్చాను" అని ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో నన్ను చెప్పనీ.

మేము భోజనాలకి కూర్చున్నాం. చివరి బల్ల, ఖాళీ ప్లేట్లు. గుమ్మంలో వార్డెన్ మేడమ్ గొంతు: "అమ్మాయిని ఇప్పుడు చూడ్డానికి వీల్లేదండీ." వెంటనే అమ్మ గొంతు: "చూడ్డానికి రాలేదండీ, భోజనానికి వచ్చాను." మేడమ్ దానికి జవాబు వెతుక్కునేలోపు అమ్మ హాల్లోకి వచ్చేసింది, దుకాణం చీరలోనే. అటూ ఇటూ చూసింది. మొదటి బల్ల నుంచి వరసగా ఒక్కొక్క బల్లా చూసుకుంటూ చివరికి వచ్చింది. నన్ను పలకరించలేదు. పిచ్చుక పక్కన ఇంత చోటుంటే అక్కడ కూర్చుని, "నాక్కూడా ఒక ప్లేటు" అంది.

ఎవరూ ప్లేటు తేలేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆఫీసులో మాట్లాడదాం రమ్మన్నారు. "తిన్నాక వస్తాను సార్. వీళ్ళకి ఎప్పుడు పెడతారు?" అంది అమ్మ. ఆయన ఓపిగ్గానే చెప్పారు, ఇదంతా పిల్లల మంచికేననీ, ప్రోత్సాహం కోసమనీ.

అమ్మ మామూలుగా, దుకాణంలో చిల్లర ఇచ్చేటప్పుడు మాట్లాడినట్టే, "మీరెప్పుడైనా ఈ బల్ల దగ్గర కూర్చున్నారా సార్?" అని అడిగింది. "కూర్చోండి. చోటుంది" అని కొంచెం జరిగింది.

ఆయన కూర్చోలేదు. కానీ వంటమనిషి గిన్నె తీసుకుని సూటిగా చివరి బల్లకి వచ్చి వడ్డించడం మొదలుపెట్టాడు. ఎవరినీ అడగలేదు. మేమందరం తిన్నాం. అమ్మ కూడా తింది. "ఉప్పు ఎక్కువైంది" అంది. అప్పుడు పిచ్చుక నవ్వింది పిన్నీ. నెల తర్వాత ఆ నవ్వు విన్నాను.

ఆఫీసులోంచే అమ్మ పిచ్చుక వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. ఆవిడకీ "చదువులో మునిగి ఉంది" అనే చెప్పారట. సాయంత్రానికల్లా ఆవిడ వచ్చేసింది. కూతుర్ని చూసి, దాని మణికట్టు పట్టుకుని వదల్లేదు. మేమిద్దరం పెట్టెలు సర్దుకున్నాం. నేను గది దాటేటప్పుడు చివరి బల్ల పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. చెయ్యి ఊపారు. ఇప్పటికీ తింటూ ఉంటే వాళ్ళు గుర్తొస్తారు. అమ్మకి చెప్తే, మాకు గుర్తున్న పిల్లలందరి ఇళ్ళకీ తనే ఫోన్లు చేసింది. కొందరు కోప్పడ్డారు, కొందరు ఫోన్ పట్టుకుని ఏడ్చారు. ఇద్దరు వెళ్ళి చూశారు. నిన్న మా క్లాసు పిల్ల వాళ్ళ అక్క చెప్పింది, బల్లలన్నీ కలిపి వేశారట. 'హాలు కడగడం కోసం' అని నోటీసు పెట్టారట. ఎన్నాళ్ళు కడుగుతారో చూడాలి.

నీ పుస్తకం సంగతి. మళ్ళీ చదివాను, నీ మీద గౌరవంతో. ఇంకా నచ్చలేదు. అమ్మ మాత్రం రెండో భాగం ఎప్పుడొస్తుందో కనుక్కోమంటోంది. ఆ తల్లి తిరిగి రాకపోతే రాసినవాళ్ళ ఇంటికే వెళ్తుందట. వెళ్తుంది పిన్నీ, నువ్వు చూళ్ళేదు గానీ నేను చూశాను. నాకు మాత్రం పంపకు. నువ్వు ఏడ్చిన పేజీలు నీ దగ్గరే ఉంచుకో.

అమ్మకి చెప్పినందుకు నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులుంటుందనుకున్నాను, ఉత్తరం మొదలుపెట్టేసరికే అయిపోయింది.

ఇంటికొచ్చిన వారంలో ఒకరోజు అమ్మ బట్టలు మడతపెడుతూ, "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు బాధపడతావని."

"మరి ఇప్పుడు పడట్లేదా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు అమ్మే నవ్వింది, నవ్వుతూనే నా భుజం మీద ఒక్కటేసింది. గట్టిగానే తగిలింది.

ఇక్కడి కాలేజీలో చేరాను. బస్సులో వెళ్ళి వస్తాను. నిన్న మొదటి పరీక్ష. లెక్కల్లో సగం రాలేదు. బస్సులో వస్తున్నంతసేపూ అమ్మకి ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. తలుపు తీసింది. చెప్పులు కూడా విప్పలేదు, "అమ్మా, పరీక్ష పాడుచేశాను" అనేశాను. కూర్చుకున్నవేవీ గుర్తు రాలేదు.

అమ్మ గుమ్మానికి అడ్డం తొలిగి, "సరే, లోపలికి రా" అంది.

నీ తొర్రి